వాన మలుపులో పసుపు లైటు మెరిసింది, కారు పాడైందా? ఈఎస్‌సీ అసలు ఏం చేస్తుంది?

మీరు రెండు అడిగారు. వానలో మలుపు తిరుగుతుంటే, కారు బొమ్మ కింద మెలికల గీతలున్న పసుపు లైటు రెండు మూడు సార్లు మెరిసి ఆరిపోయింది, అది రిపేరా అని ఒకటి. ఆ లైటు వెనక ఉన్న ఈఎస్‌సీ, అంటే కారు జారినప్పుడు అదుపు తప్పకుండా చూసే ఎలక్ట్రానిక్ స్టెబిలిటీ కంట్రోల్, ఏం చేస్తుందని రెండోది.

మొదటిదానికి జవాబు చిన్నదే. మెరిసి ఆరిపోతే రిపేరు కాదు, ఆ క్షణంలో ఈఎస్‌సీ పని చేసిందని అర్థం. ఆరకుండా అలాగే వెలుగుతూ ఉంటే మాత్రం ఎక్కడో లోపం ఉండాలి, లేదా ఎవరో బటన్ నొక్కి దాన్ని ఆపేసి ఉండాలి.

రెండోదానికి నాకు జరిగింది చెబితే సులువుగా అర్థమవుతుంది. కొన్నేళ్ల కిందట ఒక రాత్రి కొండ దారిలో కిందికి దిగుతున్నాను. అప్పుడే మొదలైన సన్నని జల్లు. రోడ్డు మీది దుమ్ము, నూనె ఇంకా కొట్టుకుపోలేదు కాబట్టి జారుడు ఎక్కువగా ఉండే సమయం అది. ఎడమ మలుపు వచ్చింది. స్టీరింగ్ తిప్పాను, ముక్కు తిరగలేదు. కారు తిన్నగా అవతలి అంచు వైపు పోతోంది. కంగారులో ఇంకా తిప్పాను. కింద నుంచి గరగరమని చప్పుడు, యాక్సిలరేటర్ మీద కాలు ఉండగానే ఇంజిన్ జోరు తగ్గింది, ముక్కు లోపలికి తిరిగింది. అయితే నేను తిప్పింది ఎక్కువైపోయింది కదా, ఈసారి వెనక భాగం బయటికి జారడం మొదలుపెట్టింది. మళ్లీ అదే గరగర, ఒక కుదుపు. కారు తిన్నగా నా లేన్‌లోనే ఉంది. మొత్తం కలిపి రెండు మూడు సెకన్లు ఉంటుందేమో. పక్కకు ఆపి పది నిమిషాలు కూర్చున్నాను. అంతకుముందు దాకా ఈఎస్‌సీ అంటే ధర పెంచడానికి పెట్టే హంగు అనుకునేదాన్ని.

లోపల ఏం జరిగిందో తర్వాత చదివి తెలుసుకున్నాను. స్టీరింగ్‌కి ఒక సెన్సర్ ఉంటుంది, మీరు ఎటు, ఎంత తిప్పారో అది చెబుతుంది. అంటే మీ కోరిక. కారు మధ్యలో ఇంకో సెన్సర్, కారు బొంగరంలా తన చుట్టూ తాను నిజంగా ఎంత వేగంగా తిరుగుతోందో కొలుస్తుంది. పక్కకు పడే తోపు ఎంతో అక్కడే తెలుస్తుంది. నాలుగు చక్రాల వేగాలు ఎలాగూ ఏబీఎస్ (గట్టిగా బ్రేకు వేసినా చక్రాలు బిగుసుకుపోకుండా చూసేది) సెన్సర్ల నుంచి వస్తాయి. కోరికకూ నిజానికీ తేడా ఉందా అని కంప్యూటర్ సెకనుకు 25 సార్లు చూసుకుంటుందని బాష్ కంపెనీ చెబుతుంది. తేడా హద్దు దాటితే ఒక్క చక్రానికి బ్రేకు వేస్తుంది.

ఒక్క చక్రానికే ఎందుకు? పడవ సాగుతుండగా ఎడమ పక్క తెడ్డును నీళ్లలో గుచ్చి పట్టుకోండి, పడవ ఎడమకే తిరుగుతుంది. ఇక్కడా అంతే. ఎడమ మలుపులో ముందు టైర్లు జారి కారు తిన్నగా పోతుంటే, ప్రధానంగా లోపలి వైపు వెనక చక్రానికి, అంటే వెనక ఎడమ దానికి బ్రేకు పడుతుంది. ముక్కు లోపలికి వస్తుంది. వెనక టైర్లు జారి కారు గిర్రున తిరగబోతే బయటి వైపు ముందు చక్రానికి, అంటే ముందు కుడి దానికి. అది కారును వెనక్కి, కుడి వైపుకు లాగి ఆ తిరుగుడును ఆపుతుంది. ఇంజిన్ జోరు కూడా తగ్గిస్తుంది. నేను విన్న గరగర బ్రేకు ఆయిల్‌ని తోసే పంపుది. ఎంత అనుభవం ఉన్న డ్రైవరైనా ఈ పని చేయలేడు, కాలి కింద ఉన్నది ఒక్కటే బ్రేకు పెడల్ కదా!

ఏబీఎస్ 1978 నుంచే కార్లలో ఉన్నా, దానికి ఈ తెలివి కలిపి మెర్సిడెస్, బాష్ కలిసి కారులో పెట్టింది 1995లో. ఈఎస్‌పీ, వీఎస్‌సీ, డీఎస్‌సీ అని కంపెనీకో పేరు, పని మాత్రం ఒకటే.

దాని చేతిలో లేనిది ఒకటుంది. టైరుకు రోడ్డు మీద ఉన్న పట్టును పంచగలదు, కొత్తగా పుట్టించలేదు. ఒకే మలుపును గంటకు 60 కిలోమీటర్లకు బదులు 80తో తిరిగితే కావాల్సిన పట్టు దాదాపు 1.8 రెట్లు అవుతుంది. అరిగిన టైర్లతో తడి రోడ్డు మీద అంత పట్టు దొరక్కపోతే ఈఎస్‌సీ కూడా మీతో పాటే జారుతుంది. నన్నడిగితే ముందు డబ్బులు టైర్లకే పెట్టండి.

జారినప్పుడు స్టీరింగ్ వదిలేయకండి. మీరు ఎటు పోవాలనుకుంటున్నారో దానికి తెలిసేది స్టీరింగ్ ద్వారానే. చూపు అడ్డంకి మీద కాకుండా పోవాల్సిన దారి మీద ఉంచి, అటే తిప్పి పట్టుకోండి.

ఆ లైటు నాకు ఇంకోసారి కూడా కనిపించింది, కానీ అప్పుడు ఆరకుండా వెలిగింది. ఒక షెడ్డులో వీల్ అలైన్‌మెంట్ చేయించాక తిన్నగా పోతున్నా స్టీరింగ్ కాస్త వంకరగా ఉండేది. కారు తిన్నగా పోతుంటే సెన్సరేమో స్టీరింగ్ తిప్పి ఉందంటోంది, కంప్యూటర్ ఏది నమ్ముతుంది? ఇంకో చోట అలైన్‌మెంట్ సరిచేసి, స్కానర్ పెట్టి స్టీరింగ్ సెన్సర్‌కు సున్నా ఎక్కడో మళ్లీ నేర్పాక లైటు ఆరింది. అలైన్‌మెంట్ చేయించిన వెంటనే లైటు వస్తే ముందు ఇదే అడగండి, పెద్ద రిపేరు ఒప్పుకోకండి. ఒక్క చక్రానికి వేరే సైజు టైరు వేసినా వేగాలు కలవక ఇలాంటి గొడవే రావచ్చు.

ఆఫ్ బటన్ బురదలోనో ఇసుకలోనో కూరుకుపోయినప్పటి కోసం. అక్కడ చక్రం కాస్త గిరగిరా తిరిగితేనే బయటపడతాం, ఇదేమో జారుతోందని ఇంజిన్ జోరు తగ్గిస్తుంది. బయటికి రాగానే ఆన్ చేసేయండి.

మీ కారుది బాగానే ఉందో లేదో చూసుకోవడం తేలికే. తాళం తిప్పగానే ఆ లైటు కాసేపు వెలిగి ఆరిపోవాలి. అసలు వెలగకపోతే కూడా ఒకసారి చూపించుకోండి.