చెయ్యి వేస్తే తగ్గే రొద

ప్రశ్న: దసరా తరువాతి మంగళవారం జరిగే పైడితల్లి అమ్మవారి సిరిమానోత్సవానికి మా ఆర్కెస్ట్రా కార్యక్రమం ఉంటుంది. నాది మూడు సింగిల్ కాయిల్ పికప్‌లున్న ఎలక్ట్రిక్ గిటార్. పందిట్లో సీరియల్ లైట్లు వెలగగానే ఆంప్లిఫయర్‌లో రొద మొదలవుతుంది. తీగల మీద చెయ్యి వేస్తే తగ్గి, తీయగానే మళ్లీ పెరుగుతుంది. అరిగిపోయిన వాల్యూమ్ కంట్రోల్‌ను, స్విచ్‌ను ఈమధ్య నేనే మార్చుకున్నాను. అప్పటి నుంచి మెడ వైపు పికప్‌ను మధ్య పికప్‌తో కలిపి వాయిస్తే శబ్దం పీలగా వస్తోంది. గ్రౌండ్ తీగ ఊడిందని ఒకరు, పికప్‌లే పోయాయని మరొకరు అంటున్నారు. ఏది నిజం?
– ఒక పాఠకుడు, విజయనగరం

జవాబు: మీరు చెప్పిన లక్షణాలను బట్టి రెండూ నిజం కావు. కొత్త పికప్‌లకు డబ్బు పెట్టకండి.

వెంట్రుక వంటి రాగి తీగను అయస్కాంతాల చుట్టూ కొన్ని వేల చుట్లు చుడితే పికప్ అవుతుంది. పైనున్న ఉక్కు తీగ కదలికను పట్టుకునే ఆ చుట్టే, చుట్టుపక్కల 50 హెర్ట్జ్ కరెంటు సృష్టించే అలజడిని కూడా పట్టుకుంటుంది. మీ శరీరం కూడా ఆ అలజడిని అందుకుని గిటార్ పక్కన ఒక ఏరియల్ లాగా నిలబడుతుంది. గిటార్ తీగలు ఆనుకుని ఉండే బ్రిడ్జి కింద నుంచి వచ్చే సన్నని తీగ గిటార్ తీగలను గ్రౌండ్‌కు కలుపుతుంది కనుక, మీరు చెయ్యి వేయగానే ఆ ఏరియల్ గ్రౌండ్ అయి రొద తగ్గుతోంది. అంటే గ్రౌండ్ ఊడలేదు, చక్కగా పనిచేస్తోంది. తీగలను తాకినప్పుడు మార్పు లేకుండా, జాక్ (కేబుల్ గుచ్చే చోటు) లోహాన్ని తాకితేనే రొద తగ్గితే బ్రిడ్జి తీగ తెగిందని అనుమానించాలి. తాకగానే రొద పెరిగితే జాక్ దగ్గర రెండు తీగలు తారుమారై ఉండవచ్చు.

దీనికి మందు షీల్డింగ్. పికప్‌లు, కంట్రోల్స్ ఉండే గుంతల లోపల రాగి రేకు టేపు అతికించి, ముక్కకూ ముక్కకూ మధ్య సోల్డరింగ్ చుక్క వేసి, ఒక తీగతో గ్రౌండ్‌కు కలపండి. వంటింటి అల్యూమినియం రేకుకు మామూలు సోల్డరింగ్ పట్టదు. జాక్‌లో కేబుల్ మొనకు తగిలే పలక ఆ రేకును తాకితే గిటార్ పూర్తిగా మూగబోతుంది కాబట్టి అక్కడ ఇన్సులేషన్ టేపు వేయడం మరువకండి. ట్రాన్స్‌ఫార్మర్ నుంచి వచ్చే అయస్కాంత రొదకు మాత్రం రేకు అడ్డుపడదు. ఆంప్‌కు దూరంగా జరిగి, గిటార్‌ను కొంచెం పక్కకు తిప్పి నిలబడితే అది తగ్గే కోణం దొరుకుతుంది.

ఇక పీల శబ్దం మీ చేతి పనే. స్విచ్ మార్చేటప్పుడు ఒక పికప్ తీగలు రెండూ తారుమారయ్యాయి. అందువల్ల రెండు పికప్‌ల శబ్దాలు ఒకదానినొకటి కొట్టేసుకుని, ముఖ్యంగా మంద్ర స్వరాలు మాయమవుతున్నాయి. గిటార్ విప్పకుండానే ఇది తేల్చవచ్చు. కేబుల్ పెట్టి, వాల్యూమ్ పూర్తిగా తెరిచి, సూది ఉన్న పాత మల్టీమీటర్‌ను అతి తక్కువ డీసీ వోల్టేజీలో ఉంచి, కేబుల్ రెండో చివర మీటర్ ఎర్ర తీగను మొనకు, నల్ల తీగను పక్క లోహానికి ఆనించండి. ఒక్కొక్క పికప్‌నే ఎంచుకుంటూ స్క్రూడ్రైవర్‌ను దాని మీద ఆనించి చటుక్కున లాగి, సూది ఎటు కదిలిందో చూడండి. మిగిలిన రెండింటికీ ఎదురుగా కదిలినదే దోషి. దాని రెండు తీగలను మార్చి అతకండి. మధ్య పికప్‌ను ఎదురు చుట్టు, ఎదురు అయస్కాంతంతో తయారు చేసి ఉంటే, ఈ సవరణ తరువాత ఆ జోడీలో రొద కూడా చాలావరకు రద్దవుతుంది.

మీరు వేసిన కంట్రోల్ విలువ ఎంతో రాయలేదు. సింగిల్ కాయిల్ పికప్‌లకు 250 కిలో ఓమ్‌ల లాగ్ రకం (తిప్పిన కొద్దీ శబ్దం చెవికి సమంగా పెరిగినట్టు వినిపించేది) వాడుక. రేడియో దుకాణంలో చేతికందిన 10 కిలో ఓమ్‌లది వేస్తే శబ్దం గొంతు నొక్కినట్టు వస్తుంది.

ఒక హెచ్చరిక. రొద తగ్గుతుందని పందిళ్లలో కొందరు ఆంప్ మూడు పిన్నుల ప్లగ్గులో ఎర్త్ పిన్ తీసేస్తారు. గిటార్ తీగలు కేబుల్ ద్వారా ఆంప్ లోహపు పెట్టెకు కలిసి ఉంటాయి కనుక, ఆంప్‌లో కరెంటు లీకైన రోజున తీగల మీద చెయ్యి ఉంచి మైకుకు పెదవి ఆనిస్తే ప్రాణానికే ప్రమాదం. ఆ పని ఎవరు చేసినా ఒప్పుకోకండి.

ప్రశ్న: గిటార్ పికప్‌ను మా బొబ్బిలి వీణకు అమర్చవచ్చునా?
– ఒక పాఠకురాలు, బొబ్బిలి

జవాబు: ముందు ఒక చిన్న అయస్కాంతాన్ని వీణ తీగల దగ్గర పెట్టి చూడండి. అంటుకునే ఉక్కు తీగలు మోగుతాయి. పూర్తిగా ఇత్తడివో రాగివో అయిన మంద్ర తీగలు దాదాపు వినిపించవు. దానికన్నా చెక్కకు అతికించే కాంటాక్ట్ మైకు మేలని నా అభిప్రాయం, పనస చెక్క నాదం అందులోనే వినిపిస్తుంది. అయితే దానిని నేరుగా మిక్సర్‌కు కలిపితే మంద్రం పోతుంది కాబట్టి, మధ్యలో 1 మెగా ఓమ్ ఇన్‌పుట్ ఉన్న ప్రీఆంప్ (బలహీనమైన సంకేతాన్ని మిక్సర్‌కు తగినట్టు పెంచే చిన్న పెట్టె) పెట్టించండి.