ఆక్స్‌ఫర్డ్ మ్యూజియంకు వెళ్లబోతున్న మేనకోడలికి

చిరంజీవి మేనకోడలికి ఆశీస్సులు.

ఆక్స్‌ఫర్డ్‌లోని విజ్ఞాన చరిత్ర మ్యూజియం చూడబోతున్నట్టు రాశావు, చాలా సంతోషం. ఏళ్ల తరబడి భౌతికశాస్త్రం బోధించినవాడిగా నాకు తోచిన నాలుగు మాటలు చెబుతాను.

బ్రాడ్ స్ట్రీట్‌లో ఉన్న ఆ భవనాన్ని 1683లోనే మ్యూజియం కోసం కట్టారు. అప్పట్లో దాని నేలమాళిగలో రసాయన ప్రయోగశాల ఉండేది. 1924లో లూయిస్ ఎవాన్స్ ఇచ్చిన పరికరాలే నేటి సేకరణకు పునాది. భవనం చిన్నది కాబట్టి గంటలో అంతా చూసేయవచ్చనిపిస్తుంది, కానీ అలా చూడవద్దు. నాలుగైదు పరికరాలను ఎంచుకొని ఒక్కొక్కదాని ముందు తీరిగ్గా నిలబడు. పక్కనున్న వివరణ చదవడానికి ముందే, దీన్ని ఎలా పట్టుకునేవారు, కన్ను ఎక్కడ ఆనించేవారు, కొలతను ఎక్కడ చదివేవారు అని ఆలోచించు.

ముందుగా నక్షత్రాల ఎత్తు కొలిచి వేళ తెలుసుకునే పాతకాలపు పరికరాలైన ఆస్ట్రోలేబుల దగ్గరికి వెళ్లు. మన దేశపు ఖగోళవేత్తలు 14వ శతాబ్దంలో యంత్రరాజమని పిలిచినది దీన్నే. పైనున్న కడియాన్ని పట్టుకొని వేలాడదీస్తే ఈ ఇత్తడి చక్రం నిట్టనిలువుగా నిలుస్తుంది. వెనుకవైపున్న తిరిగే పట్టీ గుండా నక్షత్రాన్ని గురిచూసి, అది దిగంతానికి ఎన్ని డిగ్రీల ఎత్తున ఉందో అంచు మీది గీతల్లో చదువుతారు. ముందువైపు, జాలీలా చెక్కిన నక్షత్రపటాన్ని లోపలి పలక మీద తిప్పి ఆ ఎత్తుకు సరిపెడితే వేళ తెలుస్తుంది. అక్షాంశం మారితే నక్షత్రాల ఎత్తూ మారుతుంది కాబట్టి ఒక్కో పలక ఒక్కో అక్షాంశానికే పనికివస్తుంది. హైదరాబాదులో ధ్రువ నక్షత్రం సుమారు 17 డిగ్రీల ఎత్తులోనూ, ఆక్స్‌ఫర్డ్‌లో సుమారు 52 డిగ్రీల ఎత్తులోనూ ఉంటుంది. రెండు ఆకాశాలూ చూసినదానివి గనుక, ఒకే పరికరంలో అన్ని పలకలు ఎందుకు పేర్చారో నీకు వేరే చెప్పనక్కరలేదు. లాహోర్ పనివారు 17వ శతాబ్దంలో చేసినవాటిని వెతికి మరీ చూడు. వాటి మీద అంకెలకు బదులు అరబిక్ అక్షరాలుంటాయి. 1480 ప్రాంతంలో చేసిన గోళాకారపు ఆస్ట్రోలేబు కూడా అక్కడే ఉంది. పూర్తి రూపంలో మిగిలినది ప్రపంచంలో అదొక్కటే.

ఆ తరువాత ప్రతి పరికరం అంచునా గీతల మధ్య ఎడం గమనించు. నా దృష్టిలో అన్నిటికన్నా ముఖ్యమైనది ఇదే. 12 సెంటీమీటర్ల వ్యాసమున్న చక్రాన్ని 360 డిగ్రీలుగా విభజిస్తే ఒక్కో డిగ్రీకి దాదాపు ఒక మిల్లీమీటరే దక్కుతుంది. అంతకన్నా సూక్ష్మంగా కొలవాలంటే పరికరాన్ని పెంచక తప్పదు. జైపూర్‌లో సవాయి జైసింగ్ రాతితో, సున్నంతో అంత భారీ యంత్రాలు కట్టించడానికి ఇదొక ప్రధాన కారణం. పక్కనే జరిగే చిన్న స్కేలుతో రెండు గీతల మధ్య భాగాన్నీ చదివే వెర్నియర్ పద్ధతి 1631లో వెలువడి, అంచు మీద గీతలను కచ్చితమైన సమాన ఎడంతో గీసే విభజన యంత్రాన్ని 1770లలో జెస్సీ రామ్స్‌డెన్ తయారుచేశాక చేతిలో ఇమిడే పరికరానికీ ఆ సూక్ష్మత అందింది. పాఠశాలలో నీవు విసుక్కుంటూ నేర్చుకున్న కనీసపు కొలత, అంటే ఒక పరికరం కొలవగల అతి చిన్న విలువ, వెనుక ఇంత చరిత్ర ఉంది.

సందర్శకులు ఎక్కువగా గుమిగూడేది 1931 మే 16న ఐన్‌స్టీన్ ఉపన్యసిస్తూ రాసిన నల్లబల్ల దగ్గర. విశ్వం సాంద్రత, వ్యాసార్ధం, వయసుల లెక్కలు అందులో ఉన్నాయి. తప్పక చూడు, కానీ పరికరాలు చూసిన తరువాతే చూడు. పెన్సిలిన్ పరిశోధనలో వాడిన పింగాణీ పాత్రనూ వదిలిపెట్టకు.

అద్దాల మీద వెలుగు పడి ఫొటోలు సరిగా రావు కనుక చిన్న నోటుపుస్తకం, పెన్సిలు తీసుకెళ్లి, నచ్చిన ఒక్క పరికరాన్నైనా చూసి బొమ్మ గీయి. గీతలు లెక్కపెట్టి వేస్తే ఫొటోలో కనబడనివి కనబడతాయి. సందేహాలుంటే అక్కడి సిబ్బందిని మొహమాటం లేకుండా అడుగు. ప్రవేశ రుసుము లేదు గానీ, తెరిచే రోజులూ వేళలూ ముందే చూసుకొని బయలుదేరు.

ఇట్లు,
నీ మేనమామ