పేరు చెబితే చాలు, డేటా అంతా చేతికే!

ప్రశ్న: సర్, మా ఆఫీసులో హడూప్ క్లస్టర్ (భారీ డేటాను పంచుకుని దాచే కంప్యూటర్ల గుంపు) ఉంది. పైథాన్‌లో హెచ్‌డీఎఫ్ఎస్ (హడూప్ ఫైల్ సిస్టమ్) క్లయింట్ లైబ్రరీ, దాంతోపాటు వచ్చే కమాండ్ లైన్ టూల్ వాడుతున్నాను. ఫైల్ అప్‌లోడ్ చేయబోతే ‘పర్మిషన్ డినైడ్’ అని వచ్చేది. ఫ్రెండ్ చెప్పినట్టు కాన్ఫిగ్ ఫైల్లో యూజర్ పేరు ‘హెచ్‌డీఎఫ్ఎస్’ అని మార్చాను. పని అయిపోయింది. ఇలాగే ఉంచొచ్చా? - ఓ డేటా ఇంజినీర్, హైదరాబాద్

జవాబు: వద్దు, ఇవాళే తీసేయండి. ఈ ఎర్రర్ గురించి ఉత్తరాలు వస్తూనే ఉన్నాయి. చాలామంది ఇదే చిట్కా పట్టుకుని కూర్చున్నారు. ఎర్రర్‌కు అసలు కారణం చిన్నది: క్లస్టర్‌లో మీ పేరుతో ఫోల్డర్ లేదు, లేదా దాని ఓనర్ మీరు కాదు. అడ్మిన్‌ను అడిగితే రెండు కమాండ్లతో సరిచేస్తారు.

నాకు భయం ఎక్కడంటే, మీరు పేరు మార్చినప్పుడు పాస్‌వర్డ్ ఎవరూ అడగలేదు. డిఫాల్ట్‌గా హడూప్‌లో ఉండేది ‘సింపుల్’ ఆథెంటికేషన్. క్లయింట్ ఏ పేరు చెబితే నేమ్‌నోడ్ (ఏ ఫైలు ఎక్కడుందో చూసుకునే ప్రధాన సర్వర్) దాన్నే నమ్ముతుంది. హడూప్‌తో వచ్చే జావా కమాండ్‌లోనూ అంతే, ఒక ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్ మారిస్తే చాలు. నేమ్‌నోడ్‌ను ఏ యూజర్ స్టార్ట్ చేస్తే ఆ యూజరే సూపర్‌యూజర్. చాలా చోట్ల ఆ పేరు ‘హెచ్‌డీఎఫ్ఎస్’. ఆ పేరుకు పర్మిషన్ తనిఖీలే ఉండవు. అంటే మీ నెట్‌వర్క్‌లో నేమ్‌నోడ్‌ను చేరగలిగిన ఎవరైనా జీతాల ఫైళ్లు చదవొచ్చు, మొత్తం డేటా తుడిచేయొచ్చు. లాగ్‌లో మాత్రం ‘హెచ్‌డీఎఫ్ఎస్’ అనే కనిపిస్తుంది. చేసింది ఎవరో ఎలా తేలుస్తారు?

మీరు వాడే లైబ్రరీని రాసినవాళ్లు నిజాయితీగా ఆ క్లాసుకు ‘ఇన్‌సెక్యూర్ క్లయింట్’ అనే పేరు పెట్టారు. కోడ్ కాపీ చేసేవాళ్లు ఆ పేరు చదవడం లేదు. కోచింగ్ సెంటర్లలోనూ ల్యాబ్ త్వరగా నడవాలని ఇదే నేర్పుతున్నారు. ఆ అలవాటే ఉద్యోగంలోకీ వస్తోంది.

పైగా లైబ్రరీతో డిలీట్ చేస్తే ఫైలు మామూలుగా ట్రాష్‌లోకి వెళ్లదు, నేరుగా పోతుంది. షెల్ కమాండ్‌కు ట్రాష్ ఉన్నా, డిఫాల్ట్ గడువు 0. అంటే ఎవరో ఆన్ చేస్తే తప్ప అదీ లేదు. హడూప్ మామూలుగా ప్రతి ఫైలుకు 3 కాపీలు ఉంచుతుంది కదా అని ధీమా పడకండి. డిలీట్ చేస్తే మూడూ పోతాయి.

అసలు తప్పు డిజైన్‌ది. తాళం లేకుండా ఇచ్చి, కావాలంటే మీరే బిగించుకోండి అనే సర్వర్ సాఫ్ట్‌వేర్ అంటే నాకు ఒళ్లు మండుతుంది. 2017 జనవరిలో ఇంటర్నెట్‌కు తెరిచి ఉన్న హడూప్ క్లస్టర్లలోకి చొరబడి డేటా తుడిచేశారు. డేటాబేస్ సర్వర్లదీ అదే గతి. ఇన్‌స్టాల్ చేసిన మొదటి నిమిషం నుంచే తాళం వేసి ఉండాలి. తీయాలనుకున్నవాళ్లు కష్టపడి తీసుకోవాలి.

మీ అడ్మిన్‌ను కెర్బెరోస్ (పేరు చెప్పినవాళ్లు నిజంగా వాళ్లేనా అని తనిఖీ చేసే పద్ధతి) పెట్టమని గట్టిగా అడగండి. అది పెట్టేదాకా నేమ్‌నోడ్‌ వాడే 9870, 8020 పోర్టులు బయటివాళ్లకు అందకుండా ఫైర్‌వాల్‌లో మూయించండి. కెర్బెరోస్ వచ్చాక మీ లైబ్రరీలో ‘కెర్బెరోస్ క్లయింట్’ వాడండి. షెడ్యూల్ జాబులకు కీట్యాబ్ ఫైలు ఇస్తారు. అది పాస్‌వర్డ్‌తో సమానం. దాన్ని గిట్‌లోకి ఎక్కించకండి, మీ యూజర్ ఒక్కరే చదవగలిగేలా పర్మిషన్ పెట్టండి.