పాడ్ ఇన్‌స్టాల్ అయినంత మాత్రాన లింక్ అయినట్టు కాదు, అమ్మలూ

అమ్మలూ,

మీ ఐఫోన్ యాప్ ఎర్రర్ గురించి నువ్వు పంపిన స్క్రీన్‌షాట్ చూశాను. డీబగ్‌లో (మనం రాస్తూ చూసుకునే బిల్డ్) యాప్ చక్కగా నడుస్తోంది, స్టేజింగ్‌కి (విడుదలకు ముందు పరీక్షించే బిల్డ్) మార్చగానే మొత్తం ఎర్రగా అయిపోతోంది. మీ బెంజ్ సర్కిల్ ఆఫీసులో తలా ఒకటి చెబితే అన్నీ చేశావు పాపం. పాడ్స్ (కోకోపాడ్స్ అనే టూల్ తెచ్చిపెట్టే రెడీమేడ్ కోడ్) ఫోల్డర్ తీసేశావు, ఎక్స్‌కోడ్ (ఐఫోన్ యాప్స్ తయారుచేసే ఆపిల్ టూల్) దాచుకునే డిరైవ్డ్ డేటా ఖాళీ చేశావు, పాడ్ ఇన్‌స్టాల్ మళ్ళీ మళ్ళీ కొట్టావు, మ్యాక్ కూడా రీస్టార్ట్ చేశావు. వాటిలో ఒక్కటీ ఈ రోగానికి మందు కాదు. టెన్షన్ పడకుండా కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఆ స్క్రీన్‌షాట్‌లో కింద పెద్దగా కనిపించే లైన్ వదిలెయ్. సాండ్‌బాక్స్ (అదే పాడ్స్ ఫోల్డర్) పాడ్‌ఫైల్ లాక్‌తో సింక్‌లో లేదు, పాడ్ ఇన్‌స్టాల్ కొట్టండి అంటుంది కదా, దాన్ని నమ్మే అందరూ అదే కొడుతూ కూర్చుంటారు. దాని పైన చిన్నగా ఇంకో లైన్ ఉంది చూడు, పాడ్‌ఫైల్ లాక్ అనే ఫైలు (ఏ పాడ్ ఏ వెర్షనో అందులో రాసి ఉంటుంది) దొరకలేదని. ఆ ఫైలు పేరుకు ముందు ఏముంది? ఒక్క స్లాష్, అంతే. అంటే ఎక్స్‌కోడ్ ఆ ఫైల్‌ని నీ ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కాకుండా డిస్క్ మొదట్లో వెతుకుతోంది. ఎందుకంటే ఆ స్లాష్‌కి ముందు రావాల్సిన వేరియబుల్ ఖాళీగా ఉంది. పాడ్‌ఫైల్ లాక్‌కి నకలైన మానిఫెస్ట్ లాక్ ముందు రావాల్సిన పాడ్స్ రూట్ అనే వేరియబుల్‌దీ ఇదే కథ. ఈ రెండు విలువలనీ తెచ్చిపెట్టేది కోకోపాడ్స్ తయారుచేసిన ఎక్స్‌సీకాన్ఫిగ్ అనే సెట్టింగ్స్ ఫైలు, స్టేజింగ్ కాన్ఫిగరేషన్‌కి అసలు ఆ ఫైలే తగలలేదు. నువ్వు ఎన్నిసార్లు ఇన్‌స్టాల్ కొట్టినా ఎక్కడ తెగిందో అక్కడ అతకదు.

ఎందుకు తగలలేదంటే, ఎక్స్‌కోడ్‌లో ఒక టార్గెట్‌కి (అంటే తయారుచేసే యాప్‌కి) ఒక్కో బిల్డ్ కాన్ఫిగరేషన్ (డీబగ్, స్టేజింగ్, రిలీజ్ లాంటివి) దగ్గర ఒక్క ఎక్స్‌సీకాన్ఫిగ్‌కే చోటుంది. అది ఒకే ఒక్క కుర్చీ అనుకో. డీబగ్‌లో ఆ కుర్చీ ఖాళీగా ఉంది కాబట్టి కోకోపాడ్స్ వచ్చి తన ఫైలు కూర్చోబెట్టింది. స్టేజింగ్‌లో మీ క్లయింట్ ఇచ్చిన ఫైలు అప్పటికే కూర్చుని ఉంది. కోకోపాడ్స్ దాన్ని లేపదు, లేపకూడదు కూడా. బేస్ కాన్ఫిగరేషన్ (అదే ఆ కుర్చీ) సెట్ చేయలేదు, మీరే చూసుకోండి అని పసుపు రంగులో చెప్పి పక్కకు తప్పుకుంటుంది. ఆ మాట ఇన్‌స్టాలేషన్ కంప్లీట్ అన్న ఆకుపచ్చ లైన్ కింద వస్తుంది. ఆకుపచ్చ కనపడగానే టెర్మినల్ మూసేసే అలవాటు దయచేసి ఇవాళే మానెయ్యి. నేను జూనియర్లకి మొట్టమొదట చెప్పేది ఇదే.

ఇక మందు. క్లయింట్ ఇచ్చిన స్టేజింగ్ ఫైలు తెరిచి అన్నిటికంటే పైన హ్యాష్ ఇన్‌క్లూడ్ (ఇంకో ఫైలుని ఇందులో కలిపే మాట) అని రాసి, పక్కనే కోట్స్‌లో కోకోపాడ్స్ చేసిన స్టేజింగ్ ఫైలు దారి ఇవ్వు. అది పాడ్స్ ఫోల్డర్‌లో టార్గెట్ సపోర్ట్ ఫైల్స్ కింద ఉంటుంది, పేరు చివర కాన్ఫిగరేషన్ పేరు చిన్న అక్షరాల్లో ఉంటుంది. స్టేజింగ్‌కి స్టేజింగ్ ఫైలే ఇవ్వాలి, తొందరలో డీబగ్‌ది కాపీ కొట్టకు. ఒకవేళ క్లయింట్ ఒకటే ఫైలు ఇచ్చి దాన్నే మూడు కాన్ఫిగరేషన్లకీ తగిలించమంటే అందులో ఏ పాడ్స్ ఫైలు పెట్టినా మిగతా రెండిటికీ తప్పవుతుంది, కాబట్టి అప్పుడు కాన్ఫిగరేషన్‌కి ఒకటి చొప్పున రెండేసి లైన్ల చిన్న ఫైళ్ళు చెయ్యి, ఒక లైన్ పాడ్స్‌ది, ఇంకో లైన్ ఆ ఉమ్మడి ఫైల్‌ది. తర్వాత ప్రాజెక్ట్ ఇన్ఫో ట్యాబ్‌లో కాన్ఫిగరేషన్స్ లిస్ట్ తెరిచి, ఏ టార్గెట్ పక్కన ఏ ఫైలుందో నీ కళ్ళతో నువ్వే చూసుకో.

ఫ్లట్టర్ (ఒకే కోడ్‌తో ఆండ్రాయిడ్, ఐఫోన్ యాప్స్ చేసే టూల్‌కిట్) వాళ్ళకీ అచ్చం ఇదే వస్తుంది. అక్కడి ప్రొఫైల్ (యాప్ పనితీరు కొలిచే) కాన్ఫిగరేషన్ కూడా రిలీజ్ ఫైల్‌నే వాడుకుంటుంది కాబట్టి ఆ పసుపు హెచ్చరిక కనపడుతుంది. ప్రొఫైల్‌కి విడిగా ఒక ఫైలు చేసి తగిలిస్తే పోతుంది.

రెండో సంగతి నిన్ను ఇంకా అడగలేదు గానీ వారంలోగా అడుగుతారు: స్టేజింగ్‌లో పాడ్ లోపల బ్రేక్‌పాయింట్ (కోడ్‌ని మధ్యలో ఆపి చూసే చోటు) సరిగ్గా ఆగట్లేదు, లాగ్స్ రావట్లేదు అని. ఏ పాడ్స్ కావాలో రాసే పాడ్‌ఫైల్‌లో నువ్వు ఏమీ చెప్పకపోతే, కోకోపాడ్స్ తనకు తెలియని ప్రతి కాన్ఫిగరేషన్‌నీ రిలీజ్ కింద లెక్కేస్తుంది. నీ కోడ్ డీబగ్ పద్ధతిలో, పాడ్స్ మాత్రం రిలీజ్ పద్ధతిలో తయారవుతాయి. అందుకే పాడ్‌ఫైల్ పైభాగంలో ప్రాజెక్ట్ పేరు రాసిన లైన్‌లో స్టేజింగ్ డీబగ్ లాంటిదని స్పష్టంగా రాయాలి. ఫ్లట్టర్ పాడ్‌ఫైల్‌లో డీబగ్, ప్రొఫైల్, రిలీజ్ అని ఒక పట్టిక ముందే ఉంటుంది కదా, ఫ్లేవర్లు (ఒకే యాప్‌కి వేర్వేరు రకాలు) పెట్టినప్పుడు కొత్త పేర్లు కూడా అందులో చేర్చాలి, చాలామంది అక్కడే మర్చిపోతారు. డీబగ్ టూల్ పాడ్స్ ఏవైనా ఉంటే వాటి పక్కనే ఏ కాన్ఫిగరేషన్లలో ఉండాలో రాసెయ్యి, స్టోర్‌కి వెళ్ళే బిల్డ్‌లో అవి ఉండకూడదు. ఎక్స్‌కోడ్‌లో కొత్త కాన్ఫిగరేషన్ చేర్చిన ప్రతిసారీ మాత్రం పాడ్ ఇన్‌స్టాల్ కొట్టాల్సిందే, అక్కడ అది నిజంగా అవసరం.

ఇంత చేసినా లింకర్ (కోడ్ ముక్కలన్నీ కలిపే భాగం) దగ్గర సింబల్స్ (ఫంక్షన్ల లాంటి వాటి పేర్లు) దొరకలేదంటే టార్గెట్ బిల్డ్ సెట్టింగ్స్‌లో అదర్ లింకర్ ఫ్లాగ్స్ చూడు. అక్కడ ఎవరో ఏదో రాసి ఉంటారు. టార్గెట్‌లో రాసిందే చెల్లుతుంది, ఎక్స్‌సీకాన్ఫిగ్‌లోది చెల్లదు. దాన్ని తీసెయ్, లేదా ముందు డాలర్ గుర్తు పెట్టి బ్రాకెట్లలో ఇన్హెరిటెడ్ అని చేర్చు.

అన్నట్టు, స్టేజింగ్ సర్వర్ అడ్రస్ కూడా ఆ ఎక్స్‌సీకాన్ఫిగ్‌లోనే పెట్టారని చూశాను. ఆ ఫైళ్ళలో రెండు స్లాష్‌లు పక్కపక్కన వస్తే అక్కడి నుంచి కామెంట్, అంటే నీ అడ్రస్ హెచ్‌టీటీపీఎస్ కోలన్ దగ్గరే తెగిపోతుంది. రెండు స్లాష్‌ల మధ్య డాలర్ గుర్తూ ఖాళీ బ్రాకెట్లూ పెడితే సరిపోతుంది.

పాడ్‌ఫైల్ లాక్‌ని అందరూ కోడ్ పంచుకునే గిట్‌లో పెట్టండి. మీరు సగంమంది బెజవాడలో, సగంమంది గన్నవరం మేధా టవర్స్‌లో ఉన్నారు, అది లేకపోతే ఒకే యాప్ రెండు చోట్ల రెండు వెర్షన్ల పాడ్స్‌తో తయారవుతుంది. పాడ్ అప్‌డేట్ మాత్రం కావాలనుకున్నప్పుడు, ఫలానా పాడ్ అని పేరు చెప్పి కొట్టాలి. ఊరికే కొడితే అన్నీ కదులుతాయి.

ఈ కోకోపాడ్స్ 2011లో మొదలైంది. పాడ్స్‌ని ప్రచురించే దాని ట్రంక్ అనే సర్వర్ 2026 డిసెంబర్ 2 నుంచి రీడ్-ఓన్లీ అవుతుందని వాళ్ళే ప్రకటించారు. ఉన్నవి ఇన్‌స్టాల్ అవుతూనే ఉంటాయి, కొత్త వెర్షన్లు రావు. కొత్త ప్రాజెక్ట్ మొదలుపెడితే ఆపిల్ వాళ్ళ స్విఫ్ట్ ప్యాకేజ్ మేనేజర్‌తోనే మొదలుపెట్టమని మీ లీడ్‌తో చెప్పు, కానీ ఇప్పుడున్న దాన్ని రిలీజ్ వారంలో మాత్రం ముట్టుకోవద్దు.

ఇన్‌క్లూడ్ లైన్ రాశాక మళ్ళీ పాడ్ ఇన్‌స్టాల్ కొట్టి, పసుపు లైన్ పోయిందో లేదో చూడు. తర్వాత స్టేజింగ్ బిల్డ్ సెట్టింగ్స్‌లో పాడ్స్ రూట్ అని వెతికి, దానికి ఏ విలువ వచ్చిందో నాకు వాట్సాప్‌లో పెట్టు. అప్పటికీ ఖాళీగానే ఉంటే ఆదివారం ల్యాప్‌టాప్ తీసుకుని గుంటూరు బస్సెక్కి వచ్చెయ్, మీ అత్తయ్య గోంగూర చేస్తానంటోంది, ఇద్దరం కూర్చుని చూద్దాం.

మావయ్య
బ్రాడీపేట, గుంటూరు