ఎనిమిదింటి రక్తం వేరు, నాలుగింటి రక్తం వేరు

ప్రశ్న: డాక్టర్ గారూ, మా అమ్మకు 58 ఏళ్లు. మోకాళ్ల నొప్పులకు ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చిన చిన్న తెల్ల మాత్రలు రెండేళ్లు వాడింది. నొప్పి తగ్గింది గానీ మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది. అవి స్టెరాయిడ్లని తెలిసి భయపడి నెల కిందట మొత్తం మానిపించాం. అప్పట్నుంచి ఒకటే నీరసం, వికారం, లేచి నిలబడితే కళ్లు తిరుగుతున్నాయి. కార్టిసాల్, ఏసీటీహెచ్ పరీక్షలు రాశారు. ల్యాబ్ అబ్బాయి సాయంత్రం నాలుగింటికి ఇంటికొచ్చి రక్తం తీసుకెళ్లాడు. కార్టిసాల్ 2.1 అట, ఏసీటీహెచ్ కూడా తక్కువే. ఈ రిపోర్టు నమ్మొచ్చా?
– ఖమ్మం జిల్లా పాఠకురాలు

జవాబు: రిపోర్టు సంగతి తర్వాత చూద్దాం. ముందు అమ్మను ఇవాళే ఆస్పత్రికి తీసుకెళ్లండమ్మా. రెండేళ్లు స్టెరాయిడ్ వాడి ఒక్కసారిగా మానేశారన్న మాట డ్యూటీ డాక్టరుకు తప్పకుండా చెప్పండి. వాంతులు మొదలైనా, బీపీ పడిపోయినా, మనిషి మత్తుగా ఉన్నా అది ప్రాణం మీదికొచ్చే పరిస్థితి, అప్పుడు స్టెరాయిడ్ లోటు తీర్చే హైడ్రోకార్టిసోన్ ఇంజెక్షనూ సెలైనూ ముందు, రిపోర్టు తర్వాత. కావాలంటే ఇంజెక్షన్‌కు ముందే కాస్త రక్తం తీసి పెట్టుకుంటారు.

ఇక ఆ నంబరు. కార్టిసాల్ అంటే అడ్రినల్ గ్రంథులు తయారుచేసే ఒంటి సొంత స్టెరాయిడ్. అది తెల్లవారుజామున పెరిగి నిద్ర లేచే వేళకు బాగా ఎక్కువుంటుంది, సాయంత్రానికి తగ్గుతుంది, అర్ధరాత్రికి అడుగంటుతుంది. అందుకే పొద్దున 8 గంటల రక్తం అడుగుతాం. ఆ వేళ డెసీలీటరుకు 3 మైక్రోగ్రాముల కంటే తక్కువ వస్తే దాదాపు లోపమే, 15 నుంచి 18 దాటితే లోపం దాదాపు లేనట్టే. మధ్యలో వస్తే ఆ గ్రంథిని తట్టిలేపే సైనాక్తెన్ ఇంజెక్షన్ 250 మైక్రోగ్రాములు ఇచ్చి, అరగంటకు, గంటకు మళ్లీ రక్తం తీసి గ్రంథి ఏమాత్రం స్పందించిందో చూస్తారు. సాయంత్రం వచ్చిన 2.1ను పొద్దుటి కొలతతో కొలవలేం. అయినా మీరు రాసింది చదివితే నాకు అనుమానం బలంగానే ఉంది. బయటి నుంచి స్టెరాయిడ్ అందుతుంటే మెదడు అడుగున ఉండే పిట్యూటరీ ఏసీటీహెచ్ పంపడం తగ్గించేస్తుంది, ఆ హుకుం రాక కిడ్నీల మీద కూర్చున్న అడ్రినల్ గ్రంథులు చిక్కిపోతాయి. మాత్ర మానిన మర్నాడే అవి లేచి పనిలోకి దిగవు, నెలలు పడుతుంది, కొందరికి ఏడాది పైనే. అందుకే స్టెరాయిడ్‌ను డాక్టరు చెప్పినట్టు మెల్లమెల్లగా తగ్గించాలి. భయపడి మానిపించడంలో మీ తప్పేం లేదు, ఇచ్చినాయన ఆ ముక్క చెప్పి ఉండాల్సింది.

ఏసీటీహెచ్ దగ్గర నాకో పేచీ ఉంది. ఆ రక్తాన్ని వంకాయరంగు మూత ట్యూబులో తీసి, వెంటనే ఐస్‌లో పెట్టి, త్వరగా ప్లాస్మా వేరు చేయాలి. ల్యాబ్ అబ్బాయి దాన్ని బ్యాగులో పడేసుకుని బండి మీద ఇంకో నాలుగిళ్లు తిరిగితే ఉన్న హార్మోనూ లేనట్టు కనిపిస్తుంది. అడ్రినల్ గ్రంథే పాడైతే (మన దేశంలో టీబీ వల్ల కూడా పాడవుతుంది) ఏసీటీహెచ్ పెరగాలి, పిట్యూటరీ ఊరుకుంటే తగ్గాలి. అంటే ఆ ఒక్క నంబరు తప్పైతే వైద్యం దారే మారిపోవచ్చు. ఈసారి ల్యాబ్‌కే వెళ్లి ఇవ్వండి, ఐస్ తెచ్చారా అని మొహమాటం లేకుండా అడగండి.

ఇంకోటి, పాత మాత్రల అట్ట దొరికితే పట్టుకెళ్లండి. ప్రెడ్నిసొలోన్‌ను చాలా ల్యాబ్ మెషిన్లు కార్టిసాల్ అనుకుని లెక్కేసేస్తాయి. డెక్సామెథసోన్‌ను అలా లెక్కేయవు గానీ అది గ్రంథిని నిద్రపుచ్చుతుంది. మళ్లీ మందు మొదలయ్యాక పరీక్ష చేయాల్సి వస్తే, ఆ రోజు మాత్ర ముందా, రక్తం ముందా అన్నది డాక్టరే చెప్పాలి, మీ అంతట మీరు ఆపొద్దు.

ప్రశ్న: నాకు 31. మూడేళ్ల కిందట కాన్పులో చాలా రక్తం పోయింది. పాలు పడలేదు, నెలసరి మళ్లీ రాలేదు. ఎప్పుడూ అలసట, చలి. థైరాయిడ్ పరీక్ష టీఎస్‌హెచ్ 2.4, నార్మల్. అంతా టెన్షనే అంటున్నారు.
– శ్రీకాకుళం పాఠకురాలు

జవాబు: టెన్షన్ అని వదిలేసే కథ కాదిది. కాన్పులో రక్తం బాగా పోతే పిట్యూటరీకి రక్తం అందక దెబ్బతింటుంది, దాన్నే షీహాన్ సిండ్రోమ్ అంటారు. అప్పుడు టీఎస్‌హెచ్‌ను నమ్ముకోకూడదు, ఎందుకంటే అది పిట్యూటరీ తయారుచేసే సరుకే, దుకాణమే మూతపడ్డాక దాని లెక్కలేం చూస్తాం! ఫ్రీ టీ4 (థైరాయిడ్ హార్మోన్), పొద్దుటి కార్టిసాల్, ప్రొలాక్టిన్ (పాలు పడేలా చేసే హార్మోన్), నెలసరిని నడిపే ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ చేయించండి. టీ4 తక్కువొచ్చిందని ముందే థైరాయిడ్ మాత్ర మింగొద్దు. కార్టిసాల్ లోపం ఉంటే దాన్ని సరిచేశాకే థైరాయిడ్ మాత్ర, లేకపోతే మనిషి కుప్పకూలొచ్చు. (రక్తపింజర కాటు నుంచి బతికి బయటపడ్డవాళ్లలోనూ కొందరికి ఇదే లోపం వస్తుంది. పొలం పనులు చేసుకునేవాళ్లు గుర్తుంచుకోవాలి.)

ప్రశ్న: ప్రొలాక్టిన్ 68 వచ్చింది, 25 లోపు ఉండాలట. మెదడులో గడ్డేమోనని నిద్ర పట్టడం లేదు. వాడేది గ్యాస్ క్యాప్సూల్ ఒక్కటే.
– హైదరాబాద్ పాఠకురాలు, 26

జవాబు: ఆ క్యాప్సూల్ మీద పేరు చదవండి. పాంటొప్రజోల్‌తో పాటు డాంపెరిడోన్ గానీ, లెవోసల్పిరైడ్ గానీ ఉంటే మీ 68కి అదే కారణం కావచ్చు. డాక్టరును అడిగి మూడు రోజులు ఆపి, నిద్ర లేచిన రెండు మూడు గంటల తర్వాత, కాసేపు కుదురుగా కూర్చుని మళ్లీ రక్తమివ్వండి. గర్భం లేదని, థైరాయిడ్ బాగుందని కూడా చూసుకోండి. అప్పటికీ తగ్గకపోతేనే ఎమ్మారై మాట. తలనొప్పి, పక్క చూపు తగ్గడం లాంటివి ఉంటే మాత్రం ఆ మూడు రోజులు కూడా ఆగొద్దు.