ఊపిరితిత్తుల్లో నిమ్ముకి మూత్ర పరీక్షా?

ప్రశ్న: డాక్టరు గారూ, మా నాన్నగారికి 68 ఏళ్లు. జ్వరం, దగ్గు, ఆయాసంతో ఆసుపత్రిలో చేర్పించాం. ఎక్స్‌రే చూసి కుడివైపు న్యుమోనియా అన్నారు. మర్నాడు మూత్రం తీసుకెళ్లి పరీక్ష చేసి ‘న్యుమోకాకస్ యాంటిజెన్ నెగటివ్, లీజియోనెల్లా యాంటిజెన్ నెగటివ్’ అని రిపోర్టు ఇచ్చారు. అయినా యాంటీబయాటిక్ ఇంజెక్షన్లు ఆపలేదు. బాక్టీరియా లేదని తేలాక ఆ మందులు ఎందుకు? అసలు ఊపిరితిత్తుల జబ్బు మూత్రంలో ఎలా తెలుస్తుంది? ఈ పరీక్షను ఎంతవరకు నమ్మొచ్చు?

జవాబు: అమ్మా, ఇంజెక్షన్లు ఆపకపోవడమే మంచిదయింది. బాక్టీరియా లేదని ఆ రిపోర్టులో ఎక్కడా లేదు. రెండు రకాల బాక్టీరియా ఆనవాళ్లు ఆ మూత్రంలో దొరకలేదని మాత్రమే ఉంది. నేను పనిచేసేది మైక్రోబయాలజీ ల్యాబ్‌లో. ఇలాంటి రిపోర్టుల మీద సంతకం పెట్టేటప్పుడల్లా ‘నెగటివ్’ అన్న మాటను ఇంట్లోవాళ్లు ఎలా అర్థం చేసుకుంటారో అని నాకు కొంచెం బెరుకుగానే ఉంటుంది.

ముందు మీ రెండో ప్రశ్న చూద్దాం. పెద్దవాళ్లలో న్యుమోనియా తెచ్చే బాక్టీరియాల్లో ముఖ్యమైనది న్యుమోకాకస్. అది ఊపిరితిత్తుల్లో పెరుగుతూ, చస్తూ ఉన్నప్పుడు దాని గోడలోని చక్కెరలాంటి పదార్థం ముక్కలు రక్తంలో కలుస్తాయి. కిడ్నీలు వాటిని వడగట్టి మూత్రంలోకి పంపేస్తాయి. మేం వెతికేది ఆ ముక్కల కోసమే (రిపోర్టులో ‘యాంటిజెన్’ అన్నది వాటినే), బతికున్న బాక్టీరియా కోసం కాదు. ఇది కొత్త సంగతేమీ కాదు. న్యూయార్క్‌లోని రాక్‌ఫెల్లర్ ఇన్‌స్టిట్యూట్‌లో డోషే, ఏవరీ అనే ఇద్దరు 1917లోనే న్యుమోనియా రోగుల మూత్రంలో ఇలా కరిగి ఉన్న న్యుమోకాకస్ పదార్థాన్ని పట్టుకున్నారు. (జన్యు సమాచారం డీఎన్ఏలోనే ఉంటుందని 1944లో ఇదే న్యుమోకాకస్ సాయంతో చూపించింది ఈ ఏవరీ బృందమే.) పావుగంటలో ఫలితం చెప్పే కార్డు రావడానికి మాత్రం చాలా ఏళ్లు పట్టింది. అమెరికాలో దానికి అనుమతి వచ్చింది 1999లో.

మామూలు ‘యూరిన్ రొటీన్’ వేరు, ఇది వేరు. చీము కణాలు, అల్బుమిన్ చూసే పరీక్షకీ నిమ్ముకీ సంబంధం లేదు. మూత్రాన్ని కల్చర్‌కి (బాక్టీరియాను ల్యాబ్‌లో పెంచి చూసే పరీక్షకి) పంపితే తెలిసేది మూత్రనాళాల ఇన్ఫెక్షన్ గురించే.

కార్డు పరీక్ష చూడ్డానికి చాలా తేలిక. దూది పుల్లను మూత్రంలో ముంచి కార్డులో పెడతాం, మందు చుక్కలు వేసి కార్డు మూసేస్తాం, 15 నిమిషాలాగి గీతలు చూస్తాం. ఒక గీత వస్తే పరీక్ష సరిగ్గా జరిగిందని, రెండో గీత కూడా వస్తే పాజిటివ్ అని లెక్క. చిక్కల్లా రెండో గీత ఉందా లేదా అన్నట్టు లేతగా వచ్చినప్పుడే. కిట్‌తో వచ్చే కాగితం ప్రకారం లేత గీత కూడా పాజిటివే. పక్కవాళ్లకు చూపిస్తే ఒకరు ఉందంటారు, ఒకరు లేదంటారు. అలాంటప్పుడు నేను వార్డుకి ఫోన్ చేసి రోగి పరిస్థితి కనుక్కుంటాను. గీత లేతగా వచ్చిందని రిపోర్టులో రాస్తాను కూడా, అడిగినా అడక్కపోయినా.

ఇక నమ్మకం సంగతి. నిజంగా న్యుమోకాకస్ వల్లే న్యుమోనియా వచ్చిన వంద మందిని తీసుకుంటే, ఈ పరీక్ష సుమారుగా 70 నుంచి 75 మందిని పట్టుకుంటుంది. మిగతావాళ్లకు జబ్బు ఉన్నా నెగటివే వస్తుంది. బాక్టీరియా రక్తంలోకి కూడా పాకినవాళ్లలో ఇంకాస్త బాగా పట్టుకుంటుంది, జబ్బు తేలిగ్గా ఉన్నవాళ్లలో ఎక్కువగా తప్పిస్తుంది. అంటే మీ నాన్నగారికి న్యుమోకాకస్ లేదని ఈ రిపోర్టు చూసి ఎవరూ గట్టిగా చెప్పలేరు.

పాజిటివ్ వస్తే? దాన్ని కొంచెం ఎక్కువ నమ్మొచ్చు, కానీ కళ్లు మూసుకుని కాదు. న్యుమోనియాతో వచ్చిన వంద మందిలో పది మందికే న్యుమోకాకస్ ఉందనుకోండి. ఆ పదిలో ఏడుగురికి పాజిటివ్ వస్తుంది. మిగతా తొంభై మందిలో నూటికి అయిదు చొప్పున తప్పుడు పాజిటివ్ వచ్చినా నలుగురైదుగురు తేలతారు. అంటే మొత్తం పదకొండు, పన్నెండు పాజిటివ్‌లలో నాలుగైదు ఉత్తవి. అదే కార్డును, రోగి లక్షణాలు, ఎక్స్‌రే చూసి న్యుమోకాకస్ కావచ్చని గట్టిగా అనుమానం ఉన్నవాళ్లకే వాడితే ఉత్త పాజిటివ్‌లు బాగా తగ్గుతాయి. అందుకే ‘అందరికీ చేసేద్దాం’ అంటే నేను ఒప్పుకోను.

లీజియోనెల్లా కథ వేరు. 1976లో అమెరికాలోని ఫిలడెల్ఫియాలో ఒక హోటల్లో మాజీ సైనికుల సభ జరిగింది. దానికి వచ్చినవాళ్లలో చాలామందికి అంతుబట్టని న్యుమోనియా వచ్చింది, కొందరు చనిపోయారు. దానికి కారణమైన బాక్టీరియాను మరుసటి ఏడాది మొదట్లో కనుక్కున్నారు. ఇది నీటిలో పెరిగి, పెద్ద భవనాల కూలింగ్ టవర్లు, షవర్ల నుంచి వచ్చే తుంపరల్లో ఊపిరితిత్తుల్లోకి చేరుతుంది. మన కణాల లోపల దాక్కుంటుంది కాబట్టి పెన్సిలిన్ జాతి మందులు దాని మీద పనిచేయవు. అజిత్రోమైసిన్, లీవోఫ్లాక్ససిన్ లాంటివి కావాలి. అందుకే ఇక్కడ మూత్ర పరీక్ష పాజిటివ్ వస్తే చికిత్సే మారిపోవచ్చు. పైగా ఆ నీళ్లు ఎక్కడివో వెతికి, మరో పది మందికి జబ్బు రాకుండా ఆపొచ్చు. ఈ పరీక్షలో తప్పుడు పాజిటివ్‌లు చాలా అరుదు. కానీ ఇది ప్రధానంగా లీజియోనెల్లా న్యుమోఫిలా ఒకటో రకాన్నే పడుతుంది, మిగతా రకాలు దీనికి చిక్కవు. అనుమానం గట్టిగా ఉంటే కళ్లెను పీసీఆర్‌కో (సూక్ష్మజీవి జన్యు పదార్థాన్ని వెతికే పరీక్ష), ప్రత్యేకమైన కల్చర్‌కో పంపాల్సిందే.

క్లెబ్సియెల్లా, స్టెఫైలోకాకస్, హీమోఫిలస్, మైకోప్లాస్మా... ఇవన్నీ న్యుమోనియా తెచ్చేవే. మీ నాన్నగారికి చేసిన పరీక్ష వీటిని వెతకదు. అసలు కారణం దొరక్కపోవడమే మామూలు. అమెరికాలో ఆసుపత్రుల్లో చేరి, ఎక్స్‌రేలో న్యుమోనియా తేలిన 2,259 మంది పెద్దవాళ్లకు కల్చర్, పీసీఆర్, మూత్ర పరీక్షలన్నీ చేసి 2015లో ఫలితాలు ప్రచురించారు. ఏదో ఒక సూక్ష్మజీవి దొరికింది 38 శాతం మందిలోనే. అన్ని పరీక్షలూ పెట్టినా అంతే, ఇక ఒక్క కార్డు మీద ఎంత భారం వేస్తాం?

2019లో అమెరికన్ థొరాసిక్ సొసైటీ, అంటువ్యాధుల నిపుణుల సంఘం కలిసి ఇచ్చిన మార్గదర్శకాలు కూడా ఈ పరీక్షలను అందరికీ మామూలుగా చేయొద్దనే చెప్పాయి. జబ్బు తీవ్రంగా ఉన్నవాళ్లకు రెండూ చేయమన్నాయి. లీజియోనెల్లా పరీక్ష మాత్రం, అది ప్రబలిన చోటి నుంచి వచ్చినవాళ్లకు, ఈమధ్యే ప్రయాణాలు చేసినవాళ్లకు కూడా చేయమన్నాయి. మీ నాన్నగారు జబ్బుకి ముందు ఎక్కడైనా హోటల్లో బస చేసుంటే ఆ మాట డాక్టరు చెవిన వేయండి.

మందు ఎప్పుడు ఆపాలన్నది జ్వరం తగ్గిందా, ఊపిరి వేగం, ఆక్సిజన్ శాతం కుదుటపడ్డాయా, అన్నం తింటున్నారా అన్నవి చూసి డాక్టరు నిర్ణయిస్తారు. కల్చర్ రిపోర్టు ఇంకా రావాల్సి ఉందేమో కనుక్కోండి. ఏ మందుకి లొంగుతుందో చెప్పేది అదే. మూత్రం కార్డు ఆ సంగతి చెప్పదు.

ప్రశ్న: నాకు నెల క్రితం న్యుమోనియా తగ్గింది. మళ్లీ దగ్గు వస్తే టెన్షన్‌తో నేనే వెళ్లి మూత్రంలో న్యుమోకాకస్ పరీక్ష చేయించుకున్నాను. పాజిటివ్ వచ్చింది. జ్వరం లేదు. ఈమధ్యే న్యుమోనియా టీకా కూడా వేయించుకున్నాను. మళ్లీ కోర్సు వాడాలా?

జవాబు: ఈ రిపోర్టు ఒక్కటే చూసి వాడకండి. బాక్టీరియా చచ్చిపోయినా దాని ముక్కలు వారాల తరబడి, కొందరిలో నెలల తరబడి మూత్రంలో వస్తూనే ఉంటాయి. జబ్బు నయమైందా అని చూడ్డానికి ఈ పరీక్ష పనికిరాదు. టీకా వేయించుకున్న కొద్ది రోజుల్లో కూడా పాజిటివ్ రావచ్చు, టీకాలో ఉండేది న్యుమోకాకస్ పదార్థమే కదా. ఏ తేదీన వేయించుకున్నారో డాక్టరుకి చెప్పండి. న్యుమోనియా తర్వాత దగ్గు కొన్ని వారాలు సతాయించడం మామూలే. ఆయాసం, జ్వరం, కళ్లెలో రక్తం, బరువు తగ్గడం... వీటిలో ఏది ఉన్నా ఆలస్యం చేయకుండా ఛాతీ డాక్టరుకి చూపించుకోండి. అప్పుడు కావాల్సింది ఎక్స్‌రే, అవసరమైతే కళ్లె పరీక్ష.