చిలకను వదిలెయ్యి, రవికను పట్టుకో

చిరంజీవికి ఆశీస్సులు.

నీ కథ రెండుసార్లు చదివాను. మొదటిసారి ఐదో పేజీ దగ్గర విసుగు పుట్టి పక్కన పెట్టేశాను.

1930ల నాటి రాజుల లోగిలిలో, పరాయి మగవాళ్ల కంట పడకుండా ఘోషాలో బతికిన ఒక కోడలి కథ అన్నావు. ఆమెను కిటికీ దగ్గర కూర్చోబెట్టి, పక్కన పంజరంలో చిలకను పెట్టి, నాలుగు పేజీల నిండా నిట్టూర్పులు నింపావు. ఆమెకు జ్వరం వస్తే మగ డాక్టరు తిన్నగా పడకగదిలోకి వచ్చి, మంచం మీద కూర్చుని నాడి చూశాడు. అమ్మాయీ, మగ వైద్యుడు అంత సులువుగా లోపలికి రాగలిగిన పక్షంలో, 1885లో మేరీ షార్లీబ్ అనే వైద్యురాలు మద్రాసులో ఘోషా స్త్రీలకోసం వేరే ఆస్పత్రి తెరవవలసిన అవసరం ఏముంది? మా విజయనగరంలో ఘోషాసుపత్రి అన్న మాట ఎలా పుట్టింది? ఘోషాను దుయ్యబట్టాలని రాశావు, సంతోషమే. కాని ఆ గోడ ఎంత మందమో తెలియకుండా దాన్ని గుద్దితే నీ దెబ్బ ఎవరికీ వినపడదు.

మరుగున గడిచిన బతుకును రాయదలచినవారు ముందు తెలుసుకోవలసింది లోపలికి ఉప్పు ఎవరు తెచ్చారు, గాజులు ఎవరు తొడిగారు, పుట్టింటి ఉత్తరం ఎవరు చదివి వినిపించారు అన్న సంగతులే. మా మామ్మ కాపురానికి వచ్చిన తరువాత ఊరి చెరువును కంటితో చూడలేదు; అయినా చాకలామె తెచ్చిన తెల్లచీర రంగును బట్టి, చెరువులో నీళ్లు అడుగంటాయో కొత్తనీరు వచ్చిందో చెప్పేది. నా రెండో కథలో ఈ ముచ్చట రాస్తే, ఒక వారపత్రిక సంపాదకులు "కథనం కుంటుపడింది" అని ఆ రెండు పేరాలూ కోసేశారు. అచ్చులో ఆ కథకు వేయించిన బొమ్మలో ఏముందనుకున్నావు? కిటికీ, పంజరం, చిలక! నలభై ఏళ్లయినా ఆ మంట చల్లారలేదు కనుక, అందులో కొంత నీ చిలక మీద పడి ఉండవచ్చు.

బెంగాల్‌లో అత్తవారింట రహస్యంగా అక్షరాలు నేర్చుకుని, 1876లో తన జీవితకథను అచ్చులో చూసుకున్న రాససుందరీ దేవి, వంటింట్లో దాచుకున్నది పుస్తకం నుంచి ఊడదీసిన ఒక్క ఆకు. నువ్వూ అటువంటిదొకటి పట్టుకున్నావు, కాని గుర్తించలేదు. దర్జీకి కొలతలు ఇవ్వకూడదు కాబట్టి ఆ కోడలు దాసీ చేత ఆది రవిక పంపుతుంది. మనిషి ఏడాదికేడాది చిక్కిపోతున్నా పెళ్లినాటి ఆ రవికే వెళుతుంది, కుట్టి వచ్చిన ప్రతి రవికా భుజాల నుంచి జారిపోతూ ఉంటుంది. ఆ దర్జీ లెక్కలో ఆమె ఇంకా పెళ్లికూతురే. రెండోసారి చదివినప్పుడు అక్కడ ఆగి, చాలాసేపు పేజీ తిప్పలేకపోయాను. నువ్వు మాత్రం దాన్ని రెండు వాక్యాలలో దాటించి, మళ్లీ చిలక దగ్గరకు పరుగెత్తావు.

పోటీకి పంపవచ్చా, కలంపేరు పెట్టుకోవాలా అని కూడా అడిగావు. ఆ సంగతులు మరెవరినైనా అడుగు. కథ తిప్పి పంపుతున్నాను. చిలక ఉన్న పేజీలన్నీ కొట్టేశాను. రవిక ఉన్న పేజీ మీది కాఫీ మరక నాదే, ఏమీ అనుకోకు.